వన్యప్రాణి ఫొటోలో దగ్గరితనం: లెన్సు ఎంత, మనిషి ఎంత?

సంక్షిప్తంగా

వన్యప్రాణి ఫొటో చూసినప్పుడు కలిగే దగ్గరితనానికీ, తీసినవారు ఆ ప్రాణికి ఎంత దగ్గరగా నిలబడ్డారన్న దానికీ నేరుగా సంబంధం లేదు. ఆ భావాన్ని లెన్సు, కెమెరా ఎత్తు, ఫొటో కింద రాసే వాక్యం కలిసి తయారుచేస్తాయి. ఈ తేడా తెలియక, ఇష్టంతో వెళ్లినవారే గూళ్లనీ తాబేళ్లనీ ఇబ్బంది పెడుతున్నారు. అడవి, సముద్రం రెండూ ఊరిని ఆనుకుని ఉన్న విశాఖలో ఈ సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఏటా జనవరి వచ్చేసరికి విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఎండలు ముదిరే నాటికి, గుడ్లను భద్రపరిచి పొదిగించే చోట్లయిన హేచరీల్లో పిల్లలు బయటపడతాయి. ఆ రోజుల్లో ఫోన్ల నిండా తిరిగే ఫొటోలు రెండు రకాలు. ఒకదానిలో అరచేతి మీద తాబేలు పిల్ల ఉంటుంది. రెండోదానిలో పొడవాటి ఇసుక తీరం, వెనక బీచ్ రోడ్డు దీపాలు, మధ్యలో చుక్కంత పిల్ల ఉంటాయి. మొదటిది చూసి ముచ్చటపడనివారు ఉండరు. రెండోదాన్ని వేలితో తోసేసి ముందుకు పోతారు. ఆ పిల్ల గురించి ఎక్కువ చెప్పేది మాత్రం రెండో ఫొటోయే.

మనసుకు దగ్గరగా అనిపించే ఫొటో కోసం ప్రాణికి దగ్గరగా వెళ్లాలనుకోవడం సహజం. మనుషుల మధ్య దగ్గరితనం అలాగే ఏర్పడుతుంది. వన్యప్రాణుల విషయంలో ఈ లెక్క చాలాసార్లు తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో తెలియాలంటే ముందు కెమెరా పనితీరు చూడాలి.

లెన్సు వేసే లెక్క

ఫొటోలో ప్రాణి ఎంత పెద్దదిగా పడుతుందన్నది దూరం మీద, లెన్సు ఫోకల్ లెంగ్త్ (మిల్లీమీటర్లలో చెప్పే అంకె, ఇది పెరిగేకొద్దీ దూరపు వస్తువు పెద్దదిగా పడుతుంది) మీద ఆధారపడుతుంది. 400 మిల్లీమీటర్ల లెన్సుతో 40 మీటర్ల నుంచి తీసిన కొంగ ఫ్రేములో ఎంత ఉంటుందో, 50 మిల్లీమీటర్ల లెన్సుతో 5 మీటర్ల నుంచి తీసినా అంతే ఉంటుంది. మామూలు ఫోన్ ప్రధాన కెమెరా సుమారు 25 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. అదే సైజులో కొంగ కావాలంటే ఫోన్ పట్టుకున్న మనిషి రెండున్నర మీటర్ల దూరానికి చేరాలి. చాలా కొంగలు అంతవరకు ఆగవు.

ఇక్కడ డబ్బు సంగతి కూడా ఉంది. దూరపు ప్రాణిని పెద్దదిగా చూపే మంచి టెలీ లెన్సు ధర లక్షల్లో ఉంటుంది. అది కొన్నవారు నిజానికి కొన్నది దూరాన్ని. లెన్సు లేనివారు ఆ తేడాను కాళ్లతో పూడ్చుకోవాలని చూస్తారు. పోటీల్లో బహుమతి పొందిన ఫొటోలు చూసి, అలాంటివే ఫోన్‌తో తీయాలని గూడు దాకా వెళ్లే కుర్రవాడిని తిట్టే ముందు, ఆ ఫొటో ఎంత దూరం నుంచి ఏ లెన్సుతో తీశారో అతనికి ఎవరూ చెప్పలేదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

టెలీ లెన్సు ఇంకో పని కూడా చేస్తుంది. 400 మిల్లీమీటర్ల లెన్సు అడ్డంగా చూసేది సుమారు 5 డిగ్రీలే. ఫోన్ కెమెరా 70 డిగ్రీలకు పైగా చూస్తుంది. కాబట్టి టెలీ ఫొటోలో పక్షి వెనక నాలుగు ఆకులు, అవి కూడా మసకగా, మిగులుతాయి. కరెంటు స్తంభం, చెత్తకుప్ప, అపార్ట్‌మెంట్ గోడ అన్నీ ఫ్రేము బయటే ఉండిపోతాయి. చూసేవారికి ఆ పక్షీ తామూ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంటుంది. దగ్గరితనంలో సగం భాగం ఈ తొలగింపు వల్లే వస్తుంది.

మిగతా సగం కళ్ల నుంచి వస్తుంది. కెమెరాను ప్రాణి కంటి ఎత్తుకు దించితే చూపులు కలిసినట్టుంటుంది. కనుపాపలో చిన్న వెలుగు చుక్క పడితే ఆ కన్ను సజీవంగా కనిపిస్తుంది, అది లేకపోతే రాయిలా ఉంటుంది. గుండ్రటి నుదురు, పెద్ద కళ్లు, చిన్న ముక్కు ఉన్న ముఖం ఏ జాతిదైనా మనిషిలో లాలన భావాన్ని లేపుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ 1943లోనే ప్రతిపాదించాడు. గుడ్లగూబ పిల్ల ఫొటోకి వచ్చే ఆదరణ, అంతే అరుదైన బల్లి ఫొటోకి రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ పద్ధతులన్నీ ఒకేచోట చూడాలంటే ఇందిరాగాంధీ జూలాజికల్ పార్కుకు వెళితే చాలు. కంచె వలకు లెన్సును ఆనించి, ఎపర్చరును (లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రం) బాగా తెరిచి, దూరంగా పడుకున్న చిరుతపులి మీద ఫోకస్ చేస్తే వల పూర్తిగా మాయమవుతుంది. వెనక కనిపించేది కంబాలకొండ పచ్చదనమే. ఆ జూ పక్కనే, సుమారు 71 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యంలో స్వేచ్ఛగా తిరిగే చిరుతలు ఉన్నాయి. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే జాతి ఒకటే, కొండ ఒకటే, తేడా చెప్పడం కష్టం. కానీ ఒకటి రోజూ మనుషులను చూస్తూ పెరిగిన జంతువు, రెండోది మనిషి అలికిడికి పొదల్లోకి తప్పుకునే జంతువు. ఏది ఎక్కడ తీశారో రాయకపోతే చూసేవారికి రెంటి మధ్య ఉన్న దూరం ఎప్పటికీ తెలియదు. అంతర్జాతీయ పోటీలు కూడా ఇందులో దెబ్బతిన్నాయి. 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్' 2009 పోటీలో గెలిచిన, గేటు మీది నుంచి దూకుతున్న తోడేలు ఫొటోను 2010 జనవరిలో అనర్హమని ప్రకటించారు. ఆ తోడేలు మచ్చికైనదై ఉంటుందని న్యాయనిర్ణేతలు నిర్ధారణకు వచ్చారు.

జంతువు గీసుకున్న గీత

ప్రతి వన్యప్రాణికీ తన చుట్టూ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటి ఎవరైనా వస్తే పారిపోతుంది. ఇంకా లోపలికి వస్తే, పారిపోయే దారి లేకపోతే, తిరగబడుతుంది. స్విట్జర్లాండ్ జూ శాస్త్రవేత్త హైనీ హెడిగర్ 20వ శతాబ్దం మధ్యలో ఈ దూరాలను వర్ణించాడు. ఆ ఆలోచనను అందుకునే అమెరికా మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో మనుషుల మధ్య దూరాలకు కొలతలిచ్చాడు. 45 సెంటీమీటర్ల లోపు అతి సన్నిహితులకు, 1.2 మీటర్ల వరకు స్నేహితులకు, ఆ పైన పరిచయస్తులకు అని అతని వర్గీకరణ. మనిషి దగ్గరితనాన్ని కొలిచేది ఈ చిన్న సంఖ్యల్లో. పక్షి తన భద్రతను కొలిచేది పదుల మీటర్లలో. ఫొటోగ్రఫీలో వచ్చే ఘర్షణ అంతా ఈ రెండు కొలతల మధ్యే ఉంది.

మధురవాడ, ఆనందపురం వైపు ఖాళీ లేఅవుట్లలో కనిపించే తీతువు పిట్టను చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అది చెట్టు మీద గూడు కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంటలో సాధారణంగా 4 గుడ్లు పెడుతుంది. వాటి రంగు నేలలో కలిసిపోతుంది. మనిషి కాస్త దూరంలో ఉండగానే గూడు మీది నుంచి లేచి, గట్టిగా అరుస్తూ తల మీదుగా దూసుకొస్తుంది. కొన్నిసార్లు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ నేల మీద నాటకమాడి మనిషిని గూటికి దూరంగా తీసుకుపోతుంది. చాచిన రెక్కలు, తెరిచిన ముక్కు, నేరుగా కెమెరాలోకి చూపు: ఫొటోగా అద్భుతం. ఆ పిట్ట వైపు నుంచి అది ప్రమాద ఘంటిక.

అసలు నష్టం ఆ అరుపుల్లో కనిపించదు. తీతువు గుడ్లు పెట్టే కాలం మన ఎండాకాలంతో కలుస్తుంది. తల్లిదండ్రులు ఎండకు అడ్డుగా గుడ్ల మీద నిలబడతాయి. నీటి దగ్గరికి వెళ్లి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. ఫొటో కోసం మనిషి అక్కడే నిలబడి ఉన్నంతసేపూ గుడ్లు మండుటెండలో ఉంటాయి. మే నెల మధ్యాహ్నం ఆ కాసేపే గుడ్ల లోపలి పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. పైగా కాకులు మనుషుల కదలికలను గమనిస్తూ ఉంటాయి, వాటిని బట్టి గూడు జాడ పసిగట్టవచ్చు.

"కదలకుండా కూర్చుంది, దానికి ఇబ్బంది లేదు" అన్నమాట తరచూ వినిపిస్తుంది. ఇది నిలిచే వాదన కాదు. పొదుగుతున్న పెంగ్విన్ల మీద జరిగిన పరిశోధనల్లో, మనిషి దగ్గరికి వచ్చినప్పుడు పక్షి కదలకపోయినా గుండె వేగం పెరిగినట్టు తేలింది. గూడు వదలలేని పక్షి నిశ్చలత్వాన్ని అంగీకారంగా చదవడం మన పొరపాటు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల, సరీసృపాల గుడ్లనూ గూళ్లనూ కదిలించడాన్ని 'వేట' నిర్వచనంలోనే చేర్చింది. తుపాకీ పట్టినవారికే వర్తిస్తుందనుకునే మాట, గూడు ముందున్న కొమ్మ విరిచి ఫ్రేము సర్దుకునేవారికీ వర్తించే అవకాశం ఉంది. కొన్ని పోటీలు ఇప్పుడు గూళ్ల ఫొటోలను తీసుకోవడం మానేశాయి. ఆ నిర్ణయం సరైనదే.

మనిషి లేనప్పుడు వచ్చిన ఫొటోలు

దగ్గరితనానికీ దూరానికీ ఉన్న ఈ విచిత్ర సంబంధం కెమెరా ట్రాప్‌లలో, అంటే జంతువు వచ్చినప్పుడు తమంతట తామే ఫొటో తీసే కెమెరాల్లో, బాగా తేలుతుంది. 1920లలో ఉత్తర భారతంలో పనిచేసిన అటవీ అధికారి ఎఫ్.డబ్ల్యూ. చాంపియన్ పులుల దారిలో సన్నటి తీగ కట్టి, పులి కాలు తగిలితే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేలా ఏర్పాటు చేశాడు. వేటగాళ్లు పులి చర్మం ఇంటికి తెచ్చుకునే రోజుల్లో ఆయన పులి ముఖాన్ని తెచ్చాడు, అది కూడా తాను అక్కడ లేకుండా. ఇప్పటి పరికరాలు వేడిమిలో మార్పును, కదలికను పసిగట్టి వాటంతటవే పనిచేస్తాయి.

2020లో 'వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్' బహుమతి పొందిన ఫొటో ఇలా వచ్చిందే. రష్యా దూర ప్రాచ్య అడవిలో ఒక ఆడ అమూర్ పులి చెట్టును రెండు ముంగాళ్లతో కావలించుకుని, కళ్లు మూసుకుని, చెంప రాస్తోంది. ప్రేమను తలపించే ఆ భంగిమకు అసలు కారణం చెట్టుకు తన వాసన పూసి హద్దు చాటడం. ఫొటోగ్రాఫర్ సెర్గేయ్ గోర్ష్‌కోవ్ పెట్టిన కెమెరాలో అది పడడానికి 11 నెలలకు పైగా పట్టింది. గత దశాబ్దాల్లో లోకం అత్యంత ఆత్మీయంగా భావించిన వన్యప్రాణి ఫొటోల్లో ఒకటి తీసిన క్షణంలో చుట్టుపక్కల మనిషే లేడు. మనిషి ఉంటే ఆ క్షణమూ ఉండేది కాదు.

అదే పరికరం దూరాన్ని ఇంకోలా కూడా వాడుతుంది. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. పులి చారలు, చిరుత మచ్చలు మన వేలిముద్రల్లా ఒక్కో జంతువుకు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఏది ఏదో గుర్తుపడతారు. ఆ ఫొటోల్లో చాలావాటికి అందం ఉండదు: వంకరగా పడ్డ తోక, సగం తెగిన వీపు. కంబాలకొండ లాంటి ఊరిపక్క అడవిలో చిరుత ఉందో లేదో తేల్చడానికి కావలసింది ఆ సగం వీపే. జాతీయ రహదారికి అవతల కాలనీలున్న చోట చిరుతను కళ్లారా చూసి ఫొటో తీయాలని రాత్రిళ్లు తిరగడం ఆ జంతువుకూ మనుషులకూ మంచిది కాదు.

ఫొటో కింది వాక్యం కలిపే చుట్టరికం

లెన్సు తర్వాత ఎక్కువ దగ్గరితనం కలిపేది క్యాప్షనే. ఉత్తరాంధ్ర తామర చెరువుల్లో కనిపించే జకానా పక్షి ఫొటోలు చూస్తే ఇది తెలుస్తుంది. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో నడుస్తూ, చుట్టూ పిల్లలతో ఉన్న పక్షి ఫొటో కింద తప్పకుండా 'తల్లి ప్రేమ' అని ఉంటుంది. అక్కడున్నది తండ్రి. జకానాల్లో ఆడపక్షి గుడ్లు పెట్టి ఇంకో జత వెతుక్కుంటుంది. పొదగడం, పిల్లలను కాయడం మగపక్షి పని. ప్రమాదం వస్తే పిల్లలను రెక్కల కింద ఇరికించుకుని నడిచిపోతుంది. అప్పుడు దాని పొట్ట పక్కన చిన్న చిన్న కాళ్లు వేలాడుతూ కనిపిస్తాయి. తెలిసినవారికి ఆ దృశ్యం 'తల్లి ప్రేమ' కంటే ఎంతో ఎక్కువ చెబుతుంది.

సింహాచలం కొండ దారిలో 'నవ్వుతున్న కోతి' ఫొటోలదీ ఇదే కథ. పెదవులు వెనక్కి లాగి, శబ్దం చేయకుండా పళ్లన్నీ చూపించడం కోతుల్లో సాధారణంగా భయానికి, లొంగుబాటుకు గుర్తు. నవ్వు అనుకుని ఇంకా దగ్గరికి వెళ్లినవారికి కరిచే ప్రమాదం ఉంది. తప్పంతా కోతి మీదికే పోతుంది.

క్యాప్షన్ దూరాన్ని కూడా పెంచగలదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా గూడు కట్టడానికి వచ్చే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను 'సైబీరియా పక్షులు' అని రాయడం అలవాటైంది. ఈ రెండు జాతులూ భారత ఉపఖండంలో, ఆగ్నేయాసియాలో గూళ్లు కట్టుకునేవి. వేల కిలోమీటర్ల అతిథి అనే కథ వినడానికి బాగుంటుంది. కానీ అవి మన చెరువులను, మన చేపలను నమ్ముకుని బతికే ఇక్కడి పక్షులన్న సంగతి దానివల్ల మరుగునపడుతుంది. మన చెరువు పూడిపోతే వాటికి వెళ్లడానికి సైబీరియా లేదు. ఆ ఊరివాళ్లు తమ పెరటి చెట్ల మీద గూళ్లను తరతరాలుగా కాపాడుతున్నారు. అక్కడి దగ్గరితనానికి కెమెరా అవసరం రాలేదు.

భావోద్వేగం ఎక్కువైతే వాస్తవం పక్కకు తప్పుకునే ప్రమాదానికి 2017లో లోకమంతా చూసిన, బక్కచిక్కిన ధ్రువపు ఎలుగుబంటి వీడియో ఒక ఉదాహరణ. నేషనల్ జియోగ్రాఫిక్ దాన్ని వాతావరణ మార్పుకు ముఖంగా చూపింది. ఆ ఒక్క జంతువు ఎందుకు అలా అయిందో తెలియదని, తమ వాక్యం హద్దు దాటిందని 2018లో అదే సంస్థ ఒప్పుకుంది. వాతావరణ మార్పు నిజం. ఆ ఎలుగుబంటి బాధా నిజం. రెంటినీ కలిపిన వాక్యానికే ఆధారం లేదు.

కొండకర్ల ఆవలో దోనె నేర్పేది

విశాఖ నుంచి ఫొటోలకు వెళ్లేవారికి బాగా తెలిసిన చోటు కొండకర్ల ఆవ. 2022 జిల్లాల విభజనతో ఇది అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడ రెండు తాటి మానులను తొలిచి జతగా కట్టిన దోనెల మీద తిరుగుతారు. దోనెలో కూర్చుంటే కెమెరా దాదాపు నీటి మట్టానికి వస్తుంది, ఖరీదైన పరికరాలేవీ లేకుండానే పక్షి కంటి ఎత్తు దొరుకుతుంది. నిలబడితే దోనె ఊగుతుంది కాబట్టి ఎవరైనా అణిగి ఉండాల్సిందే. నిటారుగా నిలబడ్డ మనిషి ఆకారానికి బెదిరే పక్షులు, మెల్లగా జరిగే దోనెను కాస్త ఎక్కువసేపు సహిస్తాయి.

అసలు తేడా తెచ్చేది దోనె నడిపే మనిషి. ఏ పక్షి మెడ నిక్కిస్తే గడ ఆపాలో, ఎప్పుడు పక్కకు తిప్పాలో రోజూ ఆ నీటి మీద ఉండేవారికి తెలుస్తుంది. మెడ నిక్కడం, మేత ఆపడం, తల అటూ ఇటూ తిప్పడం, రెట్ట వేయడం: ఎగిరే ముందు పక్షి ఇచ్చే సూచనలివి. వీటిని చదవగలిగినవారికి దూరం అంకె ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకే చెరువుకు అన్ని కాలాల్లోనూ వెళ్లేవారి ఫొటోల్లో పక్షి తన పనిలో తానుంటుంది: నత్తను పెకలిస్తూనో, ఈకలు దువ్వుకుంటూనో, పిల్లకు ముక్కు అందిస్తూనో. ఒక్క ఉదయం వచ్చి వెళ్లేవారి ఫొటోల్లో ఎక్కువగా ఎగిరిపోతున్న పక్షులుంటాయి. 'ఫ్లైట్ షాట్' అని వాటికి పేరూ ఉంది, కానీ వాటిలో చాలా పక్షులు ఎగిరింది ఫొటోగ్రాఫర్ వల్లే.

తీరంలో ఫోన్ వెలుగు

రాత్రి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలు ఒడ్డున మనుషుల కదలికనో వెలుగునో గమనిస్తే గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. ఒకసారి గుడ్లు వదలడం మొదలయ్యాక మాత్రం సుమారు 100 గుడ్లు పూర్తయ్యేదాకా కదలదు. సరిగ్గా అప్పుడే జనం చుట్టూ మూగుతారు, "భయపడడం లేదు" అంటారు. దాని కళ్ల నుంచి కారే నీటిని ప్రసవ వేదనగా రాస్తారు. ఆ కన్నీళ్లు ఉప్పు గ్రంథుల నుంచి వచ్చేవి. సముద్రపు నీరు మింగే జీవి ఒంట్లో చేరిన అదనపు ఉప్పును అలా బయటికి పంపుతుంది, నీటిలో ఉన్నప్పుడు కూడా.

పిల్లల విషయంలో ఫోన్ వెలుగు నేరుగా దారి తప్పిస్తుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఎటు ఎక్కువ వెలుగుంటే అటు నడుస్తుంది. దీపాలు లేని తీరంలో ఆ వెలుగు సముద్రం మీది ఆకాశానిది. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా రోడ్డు దీపాలున్న తీరంలో దిక్కు తప్పడం సులువు. అటవీ శాఖ హేచరీల్లో గుడ్లు భద్రపరిచి, పిల్లలను నీటికి దగ్గరగా వదలడానికి ఇదొక కారణం. అక్కడ ఫ్లాష్‌లు, టార్చిలు వెలిగితే ఆ కష్టం వృథా. తడి ఇసుకలో ఒక్క పాదముద్ర నాలుగు సెంటీమీటర్ల పిల్లకు గొయ్యితో సమానం.

వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఆలివ్ రిడ్లే షెడ్యూల్ 1 జీవి, అంటే పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. అనుమతి లేకుండా పిల్లను చేతిలోకి తీసుకుని ఫొటో దిగడం సరదా పరిధి దాటుతుంది. అభయారణ్యాల్లో ఫొటోలకు సెక్షన్ 28 కింద అనుమతి తీసుకోవాలి. 2022 సవరణ ఆవాసానికి గానీ వన్యప్రాణికి గానీ హాని కలగకూడదన్న షరతును అందులో స్పష్టంగా చేర్చింది.

ఊరు కూడా ఫ్రేములో ఉంటే

విశాఖలో తీసే ఫొటోల్లో ఊరిని తప్పించడానికే అందరూ కష్టపడతారు. దాన్ని ఉంచడమే మేలైన దారిలా కనిపిస్తోంది. ట్రాలర్ వలల్లో చిక్కి చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలు, దాని వెనక ఉదయపు నడకకు వచ్చినవారు, ఆ వెనక హార్బరు వైపు వెళ్లే పడవలు: ఇవన్నీ ఒకే ఫొటోలో ఉంటే అది ఎందుకు చనిపోయిందో కొంత తెలుస్తుంది. దగ్గరగా తీసిన తాబేలు ముఖం జాలి పుట్టిస్తుంది, కానీ తాబేళ్లు తప్పించుకునే పరికరం వలలకు ఎందుకు కావాలో చెప్పదు. లేఅవుట్ హద్దురాయి పక్కన తీతువు గుడ్లను ఎవరూ లేనప్పుడు దూరం నుంచి తీసిన ఫొటో, ఆ స్థలం రేపు ఏమవుతుందో కూడా చూపిస్తుంది. ఇలాంటి ఫొటోలకు ఫోన్ చాలు. పైగా వీటికి ఫోనే అనువైనది, చూపు వెడల్పు దానికే ఎక్కువ.

నగరంలో జరిగే ప్రదర్శనలు, కాలేజీ ఫొటో క్లబ్బులు ప్రతి ఫొటో కింద మూడు వివరాలు అడగవచ్చు: ఏ లెన్సుతో ఎంత దూరం నుంచి తీశారు, ప్రాణి స్వేచ్ఛగా ఉన్నదా లేక బంధనంలోదా, ఫొటోను ఎంత కత్తిరించారు. గూడు, అరుదైన జాతి ఉన్న చోటు పేరు మాత్రం రాయకూడదు. ఫోన్ ఫొటోలో దాగి ఉండే జీపీఎస్ వివరాలను తీసేయాలి. చోటు తెలిస్తే మరుసటి ఆదివారానికి అక్కడ గుంపు చేరుతుంది.

ఫోన్ ఫొటో ఎంత పనికొస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ: 2021 డిసెంబరులో విశాఖ దగ్గరి తంతడి తీరంలో మత్స్యకారుల వలలో చిక్కిన వేల్ షార్క్‌ను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఆ చేప ఒంటి మీది తెల్ల చుక్కల అమరిక ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. దాన్ని బట్టే ఒకే చేప వేర్వేరు సముద్రాల్లో కనిపించిందా అని పరిశోధకులు పోల్చి చూస్తారు. అందుకు వాళ్లకు కావలసింది ఎడమ పక్క, మొప్పల చీలికల వెనక భాగం, చుక్కలు స్పష్టంగా కనిపించే ఒక ఫొటో. పడవ మీది మత్స్యకారుడు తన ఫోన్‌తో తీసినా అది పనికొస్తుంది.